వేగానికి క్లీన్ టోన్: ఎనిమిది దశాబ్దాల జవాబులు

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునేవారిలో చాలామంది వేగాన్ని డిస్టార్షన్ నీడలోనే సాధిస్తారు. గెయిన్ పెంచుకుని వాయిస్తే వేళ్లు పరుగెడుతున్నట్టే ఉంటుంది, ప్రతి స్వరమూ నిండుగా మోగుతున్నట్టే ఉంటుంది. అదే సంగతిని డిస్టార్షన్ తీసేసి వాయించగానే అసలు స్థితి బయటపడుతుంది. నాలుగు స్వరాల్లో ఒకటి గట్టిగా, ఒకటి లీలగా పలుకుతాయి. మూడోది సగంలో తెగిపోతుంది, నాలుగోది వినిపించదు. వెంటనే అనుమానం టోన్ మీదికి పోతుంది. కొత్త పెడల్ కొంటే, యాంప్ మారిస్తే బాగుపడుతుందన్న ఆశ పుడుతుంది.

ఆ ఆశలో కొంత నిజముంది, కొంత భ్రమ ఉంది. మీటకుండా వదిలేసిన స్వరాన్ని ఏ పరికరమూ పలికించలేదు. అయితే చక్కగా మీటిన స్వరాలను కూడా తప్పుడు అమరిక ముద్ద చేసేస్తుంది. జాజ్, కంట్రీ, సర్ఫ్, కాంగో నృత్య సంగీతం, ఫ్యూజన్, చివరికి మన కర్ణాటక సంగీతం దాకా ఎందరో వాద్యకారులు డిస్టార్షన్ సాయం లేకుండానే మెరుపు వేగంతో వాయించి చూపించారు. వారు చేసుకున్న ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఏకీభవిస్తున్నారు, ఎక్కడ విభేదిస్తున్నారు, ఆ విభేదాలకు కారణమేమిటి అన్నది చూడటమే ఈ సమీక్ష పని.

చిక్కు ఎక్కడుంది

ముందు ఒక చిన్న లెక్క. నిమిషానికి 160 బీట్ల లయలో, బీటుకు నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే సెకనుకు 10కి పైగా స్వరాలు వస్తాయి. ఒక మీటుకూ మరో మీటుకూ మధ్య ఎడం సుమారు 94 మిల్లీసెకన్లు. అంత కొద్ది సమయంలో స్వరం పుట్టాలి, శ్రుతి తెలిసేంతసేపు నిలవాలి, తర్వాతి స్వరానికి దారి ఇచ్చి తప్పుకోవాలి. పైగా మన చెవికి ఒక స్వభావముంది. గట్టి శబ్దం ఆగిపోయాక కూడా 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా దాని ప్రభావం మిగిలి, వెనువెంటనే వచ్చే మెల్లని శబ్దాన్ని కప్పేస్తుంది. అంటే వేగంగా వాయించేటప్పుడు ఒక బలమైన మీటు పక్కనున్న బలహీనమైన మీటును వినపడకుండా చేయగలదు.

డిస్టార్షన్ ఈ తేడాలను చెరిపేస్తుంది. సిగ్నల్ శిఖరాలను అది నరికేస్తుంది కాబట్టి మెల్లగా మీటినదీ గట్టిగా మీటినదీ దాదాపు ఒకే స్థాయిలో బయటికి వస్తాయి. అదనంగా పుట్టే హార్మోనిక్‌లు స్వరాన్ని నింపుతాయి, తీగ నాదం త్వరగా ఆరిపోకుండా నిలుస్తుంది. క్లీన్ టోన్‌లో ఈ మూడు సాయాలూ ఉండవు.

అయితే డిస్టార్షన్ ఊరికే సాయం చేయదు. వాయించని తీగల రొదను, వేలు జారిన చప్పుడును కూడా అంతే పెద్దది చేస్తుంది. క్లీన్ టోన్ ఆ రొదను కొంతవరకు మన్నిస్తుంది కానీ మీటు బలంలో హెచ్చుతగ్గులను, ఎడమ చేయీ కుడి చేయీ కలవకపోవడాన్ని మన్నించదు. సాధన క్లీన్‌లో చేయాలా, డిస్టార్షన్‌తో చేయాలా అన్న పాత వాదానికి సమాధానం ఇక్కడే ఉంది. రెండూ వేర్వేరు తప్పులు పట్టే పరీక్షలు. ఒకదానిలో గట్టెక్కినంత మాత్రాన రెండోదానిలో గట్టెక్కినట్టు కాదు.

వేర్వేరు దారులు

మొదటి దారి జాజ్‌ది. 1936లో గిబ్సన్ కంపెనీ ఇ.ఎస్-150 గిటార్‌ను తెచ్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటార్‌తో, శాక్సఫోన్ వాయించినట్టుగా ఒక్కో స్వరంతో పొడవైన వాక్యాలు పలికించాడు. 1942లో పాతికేళ్ల వయసుకే చనిపోయినా గిటార్‌కు ఒంటరిగా నిలబడి మాట్లాడే గొంతు ఇచ్చి వెళ్లాడు. తర్వాత వచ్చిన జో పాస్, పాట్ మార్టినో, జార్జ్ బెన్సన్ అదే దారిని పదును పెట్టారు. లావు తీగలు, నెక్ పికప్, తగ్గించిన ట్రెబుల్, గట్టి పిక్, ఎఫెక్టులు దాదాపు శూన్యం. టోన్ గుండ్రంగా, ముదురు రంగులో ఉంటుంది. అయినా స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. లావు తీగ మీద గట్టి పిక్ పడినప్పుడు మీటు తొలి క్షణం బలంగా ఉండటం, మధ్యశ్రేణి నిండుగా ఉండటం దీనికి కారణాలు. స్పష్టతకు ట్రెబుల్ ఒక్కటే దారి అనుకునేవారు ముందుగా వినవలసింది ఈ సంప్రదాయాన్నే.

రెండోది అమెరికన్ కంట్రీది. 1951లో టెలికాస్టర్ అన్న పేరు స్థిరపడిన ఫెండర్ గిటార్, దాని బ్రిడ్జ్ పికప్ పదును, ఫెండర్ యాంప్ మెరుపు దీనికి మూలం. జిమ్మీ బ్రయంట్, ఆల్బర్ట్ లీ, డానీ గాటన్, బ్రెంట్ మేసన్ వంటివారు ఇక్కడి మేటి వేగగాళ్లు. స్వరం కురచగా, గట్టిగా పుట్టి వెంటనే తప్పుకోవడం ఈ శైలి అందం. ఒక స్వరం పిక్‌తో, మరొకటి వేలితో మీటే పద్ధతి ఇక్కడ మామూలు. ఆ రెండింటి బలం ఒకటి కాదు కాబట్టే ఆ తేడాను సర్దే కంప్రెసర్ ఈ సంప్రదాయంలో ఇంటి మనిషి అయింది.

మూడోది కాలిఫోర్నియా సర్ఫ్ సంగీతం. 1962లో ‘మిసిర్లూ’ను రికార్డు చేసిన డిక్ డేల్ ఒకే తీగను అతి వేగంగా పైకీ కిందికీ మీటేవాడు. ఆయన వాడిన తీగలు మామూలు గిటారిస్టులు ఊహించనంత లావు. ఆ ధాటికీ ఆ శబ్దానికీ అప్పటి యాంప్‌లు తట్టుకోలేకపోతే లియో ఫెండర్ పెద్ద శక్తి గల షోమ్యాన్ యాంప్ తయారు చేయాల్సి వచ్చింది. వేగానికీ యాంప్ శక్తికీ ఉన్న సంబంధం ఇంత నేరుగా మరే కథా చెప్పదు.

నాలుగోది కాంగో దేశపు సుకూస్. గిటార్ టోన్ గురించి రాసేవారు దీన్ని తరచుగా మరిచిపోతారు, అది పెద్ద లోటు. పాట చివరి భాగంలో, సెబెన్ అనే చోట, గిటార్లు ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ నిమిషాల తరబడి పరుగు తీస్తాయి. టోన్ పూర్తిగా క్లీన్, పైశ్రేణి వైపు మొగ్గినది. వేగానికి ‘మెషిన్ గన్’ అని పేరు తెచ్చుకున్న డిబ్లో డిబాలా వాయిద్యం వింటే తెలుస్తుంది, రెండు మూడు గిటార్లు ఒకేసారి మోగుతున్నా ఏదీ మరొకదాన్ని తొక్కదు. ఒక్కో గిటార్‌కు ఒక్కో శ్రేణి కేటాయించడమే అక్కడి రహస్యం. బృందంలో స్పష్టత కావాలంటే మన గిటార్ ఎంత గట్టిగా ఉందన్నదానికన్నా మిగతా వాద్యాలు ఖాళీ వదిలిన చోట ఉందా అన్నది ముఖ్యం.

అయిదోది నేటి తరానిది. టామ్ క్వేల్ వంటివారు ఎడమ చేతి వేళ్లతోనే ఎక్కువ స్వరాలు పలికించే లెగాటో పద్ధతిని పాటిస్తే, ఇచికా నిటో, పాలీఫియా బృందంలోని టిమ్ హెన్సన్ వంటివారు క్లీన్ టోన్‌లో రెండు చేతులతో ఫ్రెట్‌బోర్డు మీద తట్టి వాయిస్తారు. ఇక్కడ పిక్ దెబ్బ తక్కువ, కంప్రెషన్ ఎక్కువ, ధ్వని స్ఫటికంలా మెరుస్తుంది.

పాలకొల్లు నుంచి ఒక జవాబు

ఈ చర్చలో మనవాడొకడున్నాడు. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ వాయించింది గిటార్ కాదు, ఎలక్ట్రిక్ మాండలిన్. కానీ ఆయన పరిష్కరించిన సమస్య ఇదే, అంతకన్నా కష్టమైనది కూడా. మామూలు మాండలిన్‌లో నాలుగు జతల తీగలుంటాయి, నాదం క్షణంలో ఆరిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి, తీగ లాగడానికి లొంగాలి. అందుకే జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకుని, విద్యుత్తు సాయంతో నాదాన్ని నిలిపారు. డిస్టార్షన్ జోలికి పోకుండానే ద్రుతకాలంలో స్వరకల్పన ప్రవాహంలా సాగించారు.

ఆయన కచేరీల రికార్డింగులు శ్రద్ధగా వింటే ఒక పాఠం దొరుకుతుంది. ఎంత వేగంలోనూ ప్రతి మీటు బలం దాదాపు ఒక్కటే, ఎక్కడ నొక్కి పలకాలో అక్కడ మాత్రమే పెరుగుతుంది. ఆ సమత్వం చేతిది. జాన్ మెక్‌లాగ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన వాయించినప్పుడు, ఒక వైపు గిటార్, ఒక వైపు మాండలిన్ అంతే వేగంతో సంభాషిస్తుంటే ఏ స్వరం ఎవరిదో పోల్చుకోవచ్చు. 2014లో శ్రీనివాస్ వెళ్లిపోయారు. వేగానికీ స్పష్టతకూ పొత్తు కుదరదనేవారికి ఆయన వాయిద్యమే సమాధానంగా మిగిలింది.

చేయి, తీగ, పికప్

ఈ దారులన్నీ ఒప్పుకునే మొదటి విషయం ఏమిటంటే, టోన్ యాంప్ దగ్గర మొదలు కాదు. పిక్ తీగను తాకే చోటే మొదలవుతుంది. పల్చని పిక్ వంగి తిరిగి నిటారు అయ్యేలోపు వేగంలో ఆలస్యం వస్తుంది, మీటు తొలి క్షణం మెత్తబడుతుంది. అందుకే వేగగాళ్లలో చాలామంది 1 మి.మీ. పైబడిన గట్టి పిక్‌లు వాడతారు. పేరున్న డన్‌లప్ జాజ్ 3 మందం 1.38 మి.మీ. పిక్‌ను కాస్త ఏటవాలుగా పడితే తీగ అడ్డు తగ్గుతుంది, కానీ చుట్టు తీగల మీద గీకిన చప్పుడు పెరుగుతుంది. క్లీన్ టోన్‌లో ఆ చప్పుడు దాగదు కాబట్టి ఏటవాలును మితంగా ఉంచుకోవాలి. బ్రిడ్జ్ వైపు జరిగి మీటితే తీగ బిగువుగా తగులుతుంది, పై హార్మోనిక్‌లు పెరుగుతాయి, స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. నెక్ వైపు జరిగితే ధ్వని గుండ్రమవుతుంది, అంచులు మెత్తబడతాయి. ఏ పెడల్ కొనకముందే చేయి రెండు అంగుళాలు జరిపి చూడటం ఖర్చు లేని ప్రయోగం.

తర్వాత తీగల ఎత్తు. వేగం కోసం తీగలను ఫ్రెట్లకు మరీ దగ్గరగా దించడం మామూలు. డిస్టార్షన్‌లో ఆ చిటపట కలిసిపోతుంది. క్లీన్‌లో అది వినిపించడమే కాదు, తీగ ఊగే చోటు లేక స్వరం పుట్టగానే చచ్చిపోతుంది. 17వ ఫ్రెట్ దగ్గర సుమారు 1.6 మి.మీ. ఎత్తు ఫెండర్ కంపెనీ తరచుగా సూచించే కొలత. గట్టిగా మీటేవారికి ఇంకాస్త ఎక్కువే మేలు. తీగలు కొత్తవిగా ఉండటం కూడా ముఖ్యం. కోస్తా జిల్లాల ఉక్కపోతలో, చెమట చేతులకు తీగలు త్వరగా తుప్పు పడతాయి. పాత తీగలో పై హార్మోనిక్‌లు పోయి ప్రతి స్వరమూ మూగబోతుంది. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవడం ఖరీదైన పరికరం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

పికప్ విషయంలో ఒక తప్పు అందరూ చేస్తారు. బలంగా పలకాలని పికప్‌ను తీగకు మరీ దగ్గరగా తెస్తారు. అప్పుడు అయస్కాంతం తీగను లాగి శ్రుతిని కలవరపెడుతుంది, మీటు దెబ్బలో హెచ్చుతగ్గులు పెరుగుతాయి. పాత తరహా సింగిల్ కాయిల్ పికప్‌కు, చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి కొలిస్తే, లావు తీగ వైపు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. ఫెండర్ చెప్పే ఎడం. ఇంకా దించినా నష్టం లేదు, పోయిన బలాన్ని యాంప్‌లో పెంచుకోవచ్చు. సింగిల్ కాయిల్ అంచులు పదునుగా ఉంటాయి కానీ కరెంటు రొద వస్తుంది. మన ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేనిచోట అది మరీ ఎక్కువ. 1955లో సేత్ లవర్ రూపొందించిన హంబకర్ ఆ రొదను తొలగించి మధ్యశ్రేణిని నింపుతుంది, కానీ కొంత మెరుపు తగ్గుతుంది. వేగానికి ఏది మేలు అన్న వాదంలో గెలుపు ఎవరిదీ కాదు. మేటి వేగగాళ్లు రెండు వైపులా ఉన్నారు.

కేబుల్ సంగతి చాలామంది పట్టించుకోరు. కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ పికప్ మెరిసే శ్రేణి కిందికి దిగి, మీటు పదును తగ్గుతుంది. పొడవైన కేబుల్ తప్పనిసరైతే గిటార్ పక్కనే ఒక బఫర్ పెడల్ పెట్టుకోవడం పరిష్కారం. గిటార్ మీద వాల్యూమ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ పోతుంటే, వాల్యూమ్ నాబ్‌కు చిన్న ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ వేయిస్తే సరిపోతుంది.

యాంప్: శక్తి, మధ్యశ్రేణి

క్లీన్ యాంప్‌లలో రెండు పేర్లు కొలబద్దలుగా నిలిచాయి. 1963లో వచ్చిన ఫెండర్ ట్విన్ రివర్బ్, 85 వాట్లు, రెండు 12 అంగుళాల స్పీకర్లు, వాల్వులతో పనిచేసేది. 1975లో వచ్చిన రోలాండ్ జె.సి-120, 120 వాట్లు, ట్రాన్సిస్టర్లతో పనిచేసేది. రెండింటిలోనూ సారం ఒకటే: మీటు శిఖరాన్ని నలిపేయకుండా మోసేంత నిల్వ శక్తి. చిన్న వాల్వు యాంప్‌ను గరిష్ఠం దగ్గర నడిపితే గట్టి మీటు పడ్డప్పుడల్లా దాని విద్యుత్ సరఫరా కుంగి మెల్లగా కోలుకుంటుంది. బ్లూస్ వాయించేవారికి అది తీపి. 94 మిల్లీసెకన్లకొక స్వరం వాయించేవారికి అది బురద. అయితే అంచులో కాస్త గరుకుదనం ఉంటే స్వరాలు అతుక్కున్నట్టు హాయిగా ఉంటుందని కంట్రీ, ఫ్యూజన్ గిటారిస్టులు కొందరు అంటారు, అదీ నిజమే. పూర్తిగా క్లీన్ అనిపించే ఎన్నో రికార్డింగుల్లో ఆ చిటికెడు గరుకు దాగి ఉంటుంది.

ఈక్వలైజేషన్‌లో పెద్ద పొరపాటు మధ్యశ్రేణిని తవ్వేయడం. ఒంటరిగా గదిలో బాస్, ట్రెబుల్ పెంచి మధ్యను తగ్గిస్తే వినసొంపుగా ఉంటుంది. తక్కువ వాల్యూమ్‌లో చెవి ఈ రెండు కొసలనూ తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందుకే గదిలో చేసిన అమరిక వేదిక మీద పనికిరాదు. పైగా ఫెండర్ తరహా యాంప్‌లలో నాబ్‌లు మధ్యలో పెట్టినా 400, 500 హెర్ట్జ్‌ల చుట్టూ సహజంగానే లోయ ఉంటుంది. గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్, 24వ ఫ్రెట్ మీద పై స్వరం సుమారు 1,319 హెర్ట్జ్. అంటే స్వరాల అసలు శ్రుతులన్నీ ఉండేది కింది, మధ్యశ్రేణుల్లోనే. పిక్ తాకిడి, స్వరాల అంచులు వినిపించేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో. ఆపైన 5,000 దాటాక మామూలు గిటార్ స్పీకరే పడిపోతుంది. కాబట్టి బాస్ తగ్గించడం, మధ్య పెంచడం, ట్రెబుల్ గుచ్చుకోకుండా చూడటం వేగానికి తొలి సూత్రం.

కంప్రెసర్ వాదం

ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద తగవు ఇదే. కంప్రెసర్ లేనిదే క్లీన్ వేగం లేదని కొందరు, అది చేతి లోపాలు దాచే ముసుగు అని కొందరు. పై సంప్రదాయాలను పరిశీలిస్తే తగవు తేలికగా తీరుతుంది. ప్రతి స్వరాన్నీ పిక్‌తో మీటే జాజ్ వాద్యకారుడికి అది దాదాపు అనవసరం. పిక్, వేలు కలిపి మీటే కంట్రీ వాద్యకారుడికి అది సమతూకం. స్వరాల్లో ఎక్కువ భాగం ఎడమ చేతితోనే పలికించే లెగాటో వాద్యకారుడికీ, తట్టి వాయించేవాడికీ అది ప్రాణం. మీ కుడి చేయి ఎంత పని చేస్తుందో అంతకు విలోమంగా కంప్రెషన్ కావాలి.

ఇక అమరిక. అటాక్, అంటే కంప్రెసర్ నొక్కడం మొదలుపెట్టే సమయం, మరీ వేగంగా, ఒకటి రెండు మిల్లీసెకన్లలో పెడితే మీటు తొలి పదునే నలిగిపోయి స్వరాలు నునుపుగా, గుర్తు తెలియకుండా పోతాయి. 10 నుంచి 30 మిల్లీసెకన్లు వదిలితే పదును దాటి వస్తుంది. రిలీజ్, అంటే అది వదిలేయడానికి పట్టే సమయం, 300 మిల్లీసెకన్లు ఉంటే, 94 మిల్లీసెకన్లకొక మీటు పడుతున్నప్పుడు కంప్రెసర్ కోలుకోనే కోలుకోదు, అన్నిటినీ ఒకేలా నొక్కి ఉంచుతుంది. 50 నుంచి 100 మధ్య ఉంటే ఒక్కో స్వరానికి స్పందిస్తుంది. 3:1 లేదా 4:1 నిష్పత్తి, 4 డెసిబెల్స్ అటూ ఇటూ తగ్గింపు చాలు. అసలు సిగ్నల్‌ను కొంత కలిపే బ్లెండ్ నాబ్ ఉంటే ఇంకా మంచిది. ఎం.ఎక్స్.ఆర్ డైనా కాంప్ వంటి రెండు నాబ్‌ల పెడల్‌లో ఈ ఎంపికలు దొరకవు, అక్కడ సెన్సిటివిటీని తక్కువలో ఉంచడమే మార్గం.

రివర్బ్, డిలే, కంప్యూటర్

పొడవైన రివర్బ్ వేగానికి శత్రువు. వెనకటి స్వరాల తోక ముందరి స్వరాల మీద పరుచుకుంటుంది. కురచ రివర్బ్‌ను, వినిపించీ వినిపించనట్టు ఉంచితే చాలు. డిలే మాత్రం తెలివిగా వాడితే మిత్రుడే. నిమిషానికి 120 బీట్ల లయలో 375 మిల్లీసెకన్ల డిలే పెట్టి బీటుకు రెండు స్వరాలు వాయిస్తే, ప్రతిధ్వని సరిగ్గా మధ్య ఖాళీల్లో పడి బీటుకు నాలుగు స్వరాలు వినిపిస్తాయి. ఆల్బర్ట్ లీ ఈ కిటుకుకు పేరుపొందాడు. అయితే ఇది లయ తప్పితే కూలిపోయే కట్టడం, సరదాగా వాడేది కాదు.

ఇప్పుడు చాలామంది కంప్యూటర్‌లోనో, మోడలింగ్ పరికరంలోనో వాయిస్తున్నారు. అక్కడ టోన్ కన్నా ముందు చూడాల్సింది ఆలస్యం. 48 కిలోహెర్ట్జ్ వద్ద 128 శాంపిల్స్ బఫర్ అంటే ఒక వైపు 2.7 మిల్లీసెకన్లు. రానూ పోనూ లెక్క, పరికరం సొంత ఆలస్యం కలిపితే ఇంకా పెరుగుతుంది. యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడితే గాలిలోనే సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి అంతవరకు ఇబ్బంది లేదు. దాన్ని మించితే చేయి తెలియకుండానే తడబడుతుంది, ఆ నింద టోన్ మీద పడుతుంది.

తీర్పు

అన్ని దారులూ కలిసే చోటు ఇది: వేగంలో క్లీన్ టోన్ అంటే స్వరం మొదలు, చివర రెండూ వినిపించడం. మొదలును పిక్, తీగ, మధ్యశ్రేణి ఇస్తాయి. చివరను ఎడమ చేయి, తక్కువ రివర్బ్, తగినంత యాంప్ శక్తి కాపాడతాయి. వీటి మధ్య ఉన్న హెచ్చుతగ్గులను కంప్రెసర్ సర్దుతుంది, అవసరమైనంతే.

మొదలుపెట్టేవారికి ఒక అమరిక: గట్టి పిక్, కొత్త తీగలు, కాస్త దించిన పికప్‌లు. యాంప్‌లో బాస్ 3, మిడిల్ 6 లేదా 7, ట్రెబుల్ 5. రివర్బ్ 2 దాటకుండా. కంప్రెసర్ చివరగా, తీసేస్తే లోటు తెలిసేంత, పెడితే ఉందని తెలియనంత. వాయించే వాల్యూమ్‌లోనే, తోటి వాద్యాలతో కలిపి సరిచూసుకోండి. ఆ తర్వాత నాబ్‌లను వదిలేసి, నిమిషానికి 80 బీట్ల దగ్గర మెట్రోనోమ్ పెట్టుకుని రికార్డు చేసుకుని వినండి. అక్కడ ప్రతి స్వరమూ సమానంగా వినిపిస్తే లయ పెంచండి. వినిపించకపోతే తప్పు చేతిది, దాన్ని దిద్దుకోవడానికి డబ్బు అక్కర్లేదు.